గురువారం చీటీ

ఆ ఫస్టియర్ అమ్మాయి ఊదారంగు పెన్నుతో రాయడమే ఆడిటర్‌కి మొదట నచ్చలేదు. లెక్కలన్నవి నీలం పెన్నుతో రాయాలి, తప్పులు ఎర్ర పెన్నుతో కొట్టాలి. మధ్యలో ఈ ఊదా ఏమిటి?

"నీలం పెన్ను లేదా?" అని అడిగింది, షీటు తిరిగి చేతికిస్తూ.

"ఇదే ఉందక్కా. బాగోదా?"

"బాగుండడానికి ఇదేమన్నా గ్రీటింగ్ కార్డా? నెల ఖర్చుల షీటు."

"రాసుకోనీ ఆడిటర్! ఏ రంగుతో రాసినా ఖర్చు తగ్గదుగా," అని వెనకనుంచి ఒక మగ గొంతు వినిపించింది.

ఆ ఫస్టియర్ పిల్ల పకపకా నవ్వింది. ఆ పిల్ల నవ్విందని అతనూ నవ్వాడు. ఇద్దరి నవ్వుల మధ్య ఆడిటర్ ఒక్కతే మొహం మాడ్చుకుని నిలబడింది. గొడవంతా మొదలైంది అక్కడే.

ఆడిటర్ అంటే నిజం ఆడిటరేం కాదు, కామర్స్ ఫైనలియర్ అమ్మాయి. క్యాంటీన్ బిల్లుల్లో మూడు నెలలుగా తప్పు కూడుతున్నారని పట్టుకుని, క్లాసు మొత్తానికీ డబ్బులు వెనక్కి ఇప్పించినప్పటినుంచి లెక్చరర్లు కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. వెనకనుంచి మాట్లాడినవాడు చిల్లర. ఫిజిక్స్ ఫైనలియర్. జేబులో ఎప్పుడూ నాణేలు గలగలలాడుతుంటాయి, ఎవరికి చిల్లర కావాలన్నా అతని దగ్గరికే వస్తారు. మాటలు కూడా ఆ బాపతేనని ఆడిటర్ పైకి అంటుంది. లోపల ఏమనుకుంటుందో ఎవరికీ చెప్పదు.

రెండేళ్ళ కిందట ఇద్దరూ కలిసి 'జేబు లెక్క' అని ఒక క్లబ్బు పెట్టారు. నెల మొదట్లో మహారాజుల్లా తిరిగి, నెలాఖరుకి స్నేహితుల ముందు చెయ్యి చాచే తోటి విద్యార్థులకి డబ్బు సంగతులు నేర్పడం దాని పని. కాలేజీ వాళ్ళకి మూడో అంతస్తులో పాత జియాలజీ ల్యాబు ఇచ్చింది. అద్దాల బీరువాల నిండా రాళ్ళు. ప్రతి గురువారం నాలుగింటికి ఆ రాళ్ళ గదిలో అరవై మంది చేరతారు. ఆడిటర్ పాఠం చెబుతుంది, చిల్లర నవ్విస్తాడు.

పాఠం కంటే పిల్లలకి ఇష్టమైనది చీటీ. ఎవరైనా సరే తమ ఖర్చుల షీటుని పేరు రాయకుండా మడిచి గాజు జాడీలో వెయ్యొచ్చు. గురువారం గురువారం ఆడిటర్ మొహం పక్కకి తిప్పుకుని ఒక చీటీ తీస్తుంది. రాత గుర్తుపట్టకుండా తనే దాన్ని బోర్డు మీద ఎత్తి రాస్తుంది. ఏ ఖర్చు ఉంచాలో, ఏది కొట్టెయ్యాలో అందరూ కలిసి చెబుతారు. చూసి తియ్యకూడదన్నది రూలు. రూళ్ళన్నీ ఆడిటరే రాసింది.

అందులో నాలుగో రూలు ఇప్పుడు ఆమె ప్రాణం తీస్తోంది. విడిగా సలహా కావాలన్నవాళ్ళు ఆడిటర్నో చిల్లరనో ఎంచుకోవచ్చు. బీరువాల వెనక రెండు కుర్చీలున్నాయి. అక్కడ మాట్లాడింది మూడో మనిషికి చెప్పకూడదు.

ఊదా పెన్ను పిల్ల చిల్లరని ఎంచుకుంది.

సోమవారం అరగంట, బుధవారం అరగంట. రాళ్ళ వెనకనుంచి గుసగుసలు. మధ్యలో ఒకసారి ముక్కు చీదిన చప్పుడు, వెంటనే చిల్లర ఏదో అనడం, ఆ పిల్ల నవ్వడం. ఆడిటర్ ఇవతల బల్ల దగ్గర కూర్చుని ఒకే అంకెల వరసని నాలుగుసార్లు కూడేది. నాలుగుసార్లూ నాలుగు జవాబులు వచ్చేవి.

"ఏంటంత ముచ్చట్లు?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"నాలుగో రూలు," అన్నాడు చిల్లర.

"ఆ రూలు రాసింది నేనే."

"అందుకేగా, నీకు గుర్తుంటుందనుకున్నా."

ఇంకో సంగతి కూడా ఆమెని కుదురుగా ఉండనివ్వలేదు. ఊదా పెన్ను కాలేజీలో ప్రతి సీనియర్నీ నోరారా 'అన్నా' అని పిలుస్తుంది. లైబ్రరీలో పుస్తకాలిచ్చే ఆయన్ని కూడా అన్నా అంటుంది. ఒక్క చిల్లర దగ్గరికి వచ్చేసరికి 'మీరు', 'ఏవండీ' అంటుంది. ఏవండీ అట! ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆడిటర్‌కి ఒళ్ళు మండిపోయేది.

ఇక బస్సు సంగతి. గురువారం క్లాసు అయ్యాక చిల్లర తొమ్మిదో నంబరు బస్సెక్కి చివరి స్టాపులో దిగుతాడు. రెండేళ్ళుగా ఆడిటర్ కూడా అదే బస్సెక్కుతోంది. "మా అత్తయ్యావాళ్ళిల్లు అటే," అని మొదటిరోజు ఒక అబద్ధం ఆడింది. ఆమె ఇల్లు కాలేజీ గోడ వెనకే. అత్తయ్య ఉండేది ఊరికి ఇంకో కొసన. చివరి స్టాపులో దిగి, అతను సందు మలుపు తిరిగేదాకా నిలబడి, మళ్ళీ అదే బస్సులో వెనక్కి వచ్చేస్తుంది. వెళ్ళేటప్పుడు నలభై నిమిషాలు అతని పక్క సీటు ఆమెది. వారం మొత్తంలో ఆమె లెక్క చూసుకోకుండా ఖర్చుపెట్టేది ఆ నలభై నిమిషాలే.

మూడు వారాలుగా ఆ బస్సు ఊదా పెన్ను కూడా ఎక్కుతోంది.

ఒక గురువారం కుండపోత వాన. చిల్లర పక్క సీట్లో ఊదా పెన్ను కూర్చుంది. రెండు వరసల వెనక ఆడిటర్, చేతిలో నీళ్ళోడుతున్న గొడుగు. ముందు ఇద్దరూ ఏదో కాగితం మీద తలలు వంచి మాట్లాడుకుంటున్నారు.

"అమ్మా, నీ గొడుగు నా బూట్లలోకి కారుతోంది," అన్నాడు పక్కాయన.

"కారనివ్వండి," అంది ఆడిటర్, కళ్ళు ముందు సీటు మీదనుంచి తిప్పకుండా. ఆయన భయపడి కాళ్ళు పైకి ముడుచుకున్నాడు.

ఆ మరుసటి గురువారం జాడీ మూత తీసింది. మొహం పక్కకి తిప్పబోతుండగా, మడత అంచున ఊదారంగు కనిపించింది.

ఒక్క క్షణమే ఆగింది. తర్వాత చెయ్యి పెట్టి తిన్నగా ఆ చీటీనే పైకి తీసింది. ఎవరూ గమనించలేదు. రెండేళ్ళలో ఆమె చేతిని ఎవరూ అనుమానించలేదు మరి.

మూడు నెలల ఖర్చులు. హాస్టలు, జిరాక్సులు, ఫోన్ రీచార్జి. టిఫిన్లు మొదటి నెల తొమ్మిది వందలు, రెండో నెల ఆరు వందలు, మూడో నెల మూడు వందలు. అన్నిటికంటే కింద 'గిఫ్ట్ - పదిహేను వందలు'. మూడు నెలలూ ఉంది, పక్కనే తేదీతో సహా.

ఆడిటర్‌కి చిల్లర చేతికున్న కొత్త వాచీ గుర్తొచ్చింది. అంతే, ఇక ఆగలేదు.

"చూశారా?" అంది, సుద్దముక్కతో గిఫ్ట్ చుట్టూ సున్నా చుడుతూ. "కడుపు మాడ్చుకుని మరీ గిఫ్టులు! ఇంత ప్రేమ ఎవరి మీదో పాపం!"

గది గొల్లుమంది.

"నెలనెలా పుచ్చుకునే ఆ మహానుభావుడికి సిగ్గన్నా ఉండొద్దూ? ఒక్క పూటైనా 'తిన్నావా' అని అడిగాడో లేదో!"

"అక్కా, నన్ను కూడా అలా ప్రేమించేవాళ్ళని చూపించక్కా!" అని వెనక బెంచీనుంచి ఎవడో అరిచాడు. గది ఇంకోసారి గొల్లుమంది. మూడో వరసలో ఊదా పెన్ను కూడా నవ్వుతోంది. నవ్వనిది చిల్లర ఒక్కడే. అతను గబగబా వచ్చి డస్టరు తీసుకున్నాడు.

"టైమైపోయింది."

"ఇంకా పదినిమిషాలుంది," అంది ఆడిటర్.

"అయిపోయిందన్నానా!" అని బోర్డు సగం తుడిచేశాడు.

అందరూ వెళ్ళాక అతను బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు.

"చీటీలో ఎవరిది వస్తే వాళ్ళది, అందులో నీ తప్పేం లేదు. కానీ ఇవాళ నువ్వు చాలా ఎక్కువ మాట్లాడావు."

"ఏం, నీకు తగిలిందా? కొత్త వాచీ బాగుంది."

"మా అక్క కొనిచ్చింది. దానికీ దీనికీ ఏంటి సంబంధం?" చిల్లర ఆమెని వింతగా చూశాడు. "నాలుగో రూలుంది కాబట్టి నేనేం చెప్పను. ఆ అంకెలు నువ్వే రాశావుగా, ఒక్కసారి చదువుకో."

అతను వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆమె బస్సెక్కలేదు. బోర్డు మీద తుడవకుండా మిగిలిన సగాన్ని చూస్తూ నిలబడింది. అయిదో తేదీ, పదిహేను వందలు. అయిదో తేదీ, పదిహేను వందలు. అయిదో తేదీ, పదిహేను వందలు.

క్లబ్బులో రెండో పాఠమే అది. ఆమె స్వయంగా చెప్పే పాఠం. ప్రతినెలా ఒకే తేదీన, ఒకే మొత్తం పోతుంటే పక్కన ఏ పేరు రాసినా నమ్మొద్దు, అది అప్పు తాలూకు కిస్తీ. అప్పున్నవాళ్ళు సిగ్గుపడి దాన్ని గిఫ్ట్ అనో, ఇతరములు అనో రాస్తారు. మొన్నమొన్న చేరిన పిల్లలు కూడా ఇట్టే పట్టేస్తారు. ఆడిటర్ అని పేరు పెట్టించుకున్న మనిషి పట్టుకోలేకపోయింది. ఆమెకి తల తీసేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే హాస్టలుకి వెళ్ళింది. ఊదా పెన్ను డాబా మీద బట్టలు ఆరేస్తోంది.

"నిన్నటి షీటు నీదే కదూ?" అంది ఆడిటర్.

ఆ పిల్ల చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. "ఎవరికీ చెప్పకండక్కా. చీటీ కదా, ఎవరిదో ఒకరిది రావాలి. నాది వచ్చింది. మీరేం చేస్తారు?"

తప్పించుకోవడానికి దారి దానంతటదే తెరుచుకుంది. అవును అనేసి కిందికి దిగిపోవచ్చు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

"నీది రాలేదు. నేనే చూసి తీశాను. నీ పెన్ను రంగు చూసి."

"ఎందుకక్కా? నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు. అతను నీతో మాట్లాడుతుంటే నాకు కడుపు మండింది. అంతే. ఇంకే కారణం లేదు."

ఊదా పెన్ను దుప్పటి గట్టిగా విదిలించింది. దాన్ని తీగ మీద వేసి, మెల్లిగా చెప్పింది. రూమ్మేట్ ల్యాప్‌టాప్ కొనుక్కుంటానంటే తన పేరు మీద లోను తీసిచ్చింది. రూమ్మేట్ చదువు మానేసి వెళ్ళిపోయింది, ఫోనెత్తదు. కిస్తీ ఒక్కరోజు ఆలస్యమైతే ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజిలు పెడతామని లోనువాళ్ళు బెదిరిస్తున్నారు. ఆ లోను ఆఫీసు తొమ్మిదో నంబరు బస్సు చివరి స్టాపులో ఉంది. మూడు వారాలుగా చిల్లర తనతో వెళ్ళి, వాళ్ళతో వాదించి, అదనంగా వేసిన జరిమానాలు తీయించాడు.

"మరి అతన్ని అన్నా అని ఎందుకనవు?" అని అడిగేసి ఆడిటర్ నాలిక కరుచుకుంది. ఇలాంటప్పుడు కూడా అదేనా!

"అన్నా అంటే ఇంట్లోవాళ్ళతో చెప్పుకున్నట్టుంటుందక్కా. అప్పు సంగతి అన్నయ్యకి ఎలా చెప్పుకుంటాం?" ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. "నిన్న నేను కూడా నవ్వాను, చూశారా? నవ్వకపోతే అందరికీ తెలిసిపోతుందని నవ్వాను."

ఆడిటర్‌కి ఏడుపొచ్చింది. "నువ్వేం చెయ్యమంటే అది చేస్తాను."

"వచ్చే గురువారం మీ షీటు బోర్డు మీద పెట్టండి. మీ పేరుతో. మూడు నెలలది, నిజంది. నేను చదువుతా."

ఆ మధ్యాహ్నమే ఆడిటర్ చిల్లరకి జరిగింది చెప్పింది. అతను జోకేస్తాడేమోనని ఏ మూలో ఆశపడింది. వెయ్యలేదు.

"చూసి తీశావా? నువ్వు?"

"ఊఁ."

"ఎందుకు?"

"కోపమొచ్చి."

"ఎవరి మీద?"

ఆమె తలొంచుకుంది.

"అప్పుల పాలైనవాళ్ళు, ఇంట్లో చెప్పుకోలేనివాళ్ళు ఆ జాడీలో కాగితాలు వేస్తున్నారంటే నీ చెయ్యి మీద నమ్మకంతో, ఆడిటర్," అన్నాడు. "గురువారం క్లాసు నువ్వు తీసుకోకు."

"తీసుకోను. జాడీ కూడా ముట్టుకోను."

అతను వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కారిడార్లో ఎదురుపడ్డా పక్కనుంచి వెళ్ళిపోయాడు. రెండేళ్ళలో మొదటిసారి అతని జేబులో నాణేల చప్పుడు దూరమవుతుంటే విని, ఆడిటర్ మెట్ల మీద కూర్చుండిపోయింది. ఊదా పెన్ను మీద అసూయపడిన రోజులే నయమనిపించాయి. అప్పుడు కనీసం పోగొట్టుకుంటానేమోనన్న భయం ఉండేది. ఇప్పుడు పోగొట్టుకున్నట్టే ఉంది.

బుధవారం సాయంత్రం నీలం పెన్నుతో షీటు రాయడానికి కూర్చుంది. అన్నీ సాఫీగా వచ్చాయి, ఒక్కచోట పెన్ను ఆగిపోయింది. గురువారం బస్సు టికెట్లు. వారానికి రెండు, మూడు నెలలకి ఇరవై నాలుగు.

'ఇతరములు' అని రాసింది. కాసేపు దాన్నే చూసింది. ఆ పిల్ల 'గిఫ్ట్' అని రాసినప్పుడు కూడా ఇలాగే కాసేపు చూసి ఉంటుంది. ఎర్ర పెన్ను తీసి ఇతరములు కొట్టేసి, ఉన్నదున్నట్టు రాసింది.

గురువారం రాళ్ళ గది కిటకిటలాడింది. చిల్లర బోర్డు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఆమె వైపు చూడలేదు. ఆడిటర్ ముందుకొచ్చింది.

"పోయిన వారం చీటీ నేను చూసి తీశాను. ఎవరిదో తెలిసి, కావాలని వెక్కిరించాను. వాళ్ళు ఖర్చు పెట్టిన దాంట్లో తప్పేం లేదు, తప్పంతా నాది. ఇకమీదట నేను జాడీలో చెయ్యి పెట్టను. ఇవాళ నా షీటు."

ఊదా పెన్ను లేచి వచ్చి షీటు చూస్తూ బోర్డు మీద రాయడం మొదలుపెట్టింది. పుస్తకాలు, ఫోను, అమ్మకి మందులు. ఒక్కొక్కటే చదువుతూ వెళ్ళి, ఒకచోట ఆగిపోయింది.

"బస్సు టికెట్లు, తొమ్మిదో నంబరు, గురువారాలు. వెళ్ళడానికొకటి, రావడానికొకటి." వెనక్కి తిరిగింది. "మీ ఇల్లు కాలేజీ గోడ వెనకే కదక్కా?"

"అవును."

"మరి చివరి స్టాపులో పనేంటి?"

"ఏం లేదు. దిగి, మళ్ళీ అదే బస్సెక్కి వచ్చేస్తా."

చిల్లర కట్టుకున్న చేతులు విడిపోయాయి.

"శుద్ధ దండగ!" అని వెనక బెంచీవాడు తీర్పు చెప్పేశాడు. "కొట్టెయ్!"

"కొట్టెయ్! కొట్టెయ్!" అంటూ అరవై గొంతులూ అందుకున్నాయి.

ఊదా పెన్ను సుద్దముక్క ఎత్తి పట్టుకుని అడిగింది. "కొట్టెయ్యమంటారా అక్కా?"

"మిగతావన్నీ కొట్టెయ్," అంది ఆడిటర్. "అదొక్కటీ ఉంచు. పక్క సీట్లో కూర్చునే మనిషి కోసం పెట్టే ఖర్చు అది. ఆ సీట్లో ఇంకొకళ్ళు కూర్చుంటే ఓర్చుకోలేకే పోయిన వారం అంత పాడుపని చేశాను."

ఒక్క నిమిషం గది గదంతా నోరెళ్ళబెట్టింది. తర్వాత రేగిన ఈలలకి బీరువాల్లో రాళ్ళు కదిలాయి. అరవై తలకాయలూ ఒక్కసారిగా చిల్లర వైపు తిరిగాయి. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"క్లాసు అయిపోయింది," అన్నాడు.

"ఇంకా అరగంటుందండీ!" అంది ఊదా పెన్ను.

"అయితే నువ్వే చెప్పు పాఠం. కిస్తీల మీద చెప్పు, నీకంటే బాగా ఎవరికీ రాదు," అని నాలుక్కరుచుకున్నాడు. కానీ ఆ పిల్ల అప్పటికే సుద్దముక్కతో బోర్డు వైపు తిరిగి, "నాకో లోనుంది. దాని కథ చెప్తా వినండి," అంటోంది. ఈసారి ఆమె నవ్వుతుంటే ఎవరికోసమో నవ్వుతున్నట్టు లేదు.

కింద సన్నగా వాన పడుతోంది. బస్టాపులో ఇద్దరే ఉన్నారు.

"నాకు కోపం పూర్తిగా పోలేదు," అన్నాడు చిల్లర.

"ఉండనీ. ఆ పిల్ల కూడా ఇంకా క్షమించలేదు. ఆలోచిస్తానంది."

"ఇంతకీ మీ అత్తయ్యావాళ్ళిల్లు ఎక్కడ?"

"ఊరికి అటు కొసన. మరి మీ ఇల్లు? చివరి స్టాపులో ఏ సందు?"

చిల్లర తల గోక్కున్నాడు. "మా ఇల్లు చివరి స్టాపు కాదు. నాలుగు స్టాపుల ముందే."

"ఏంటీ?"

"నువ్వు చివరిదాకా వస్తున్నావని నేనూ వచ్చేవాణ్ణి. ఆ సందులోంచి నడుచుకుంటూ వెనక్కి పోయేవాణ్ణి. రెండేళ్ళలో మూడు జతల చెప్పులు అరిగిపోయాయి."

"వెనక్కి తిరిగి ఒక్కసారి చూసుంటే తెలిసేదిగా, నేనక్కడే నిలబడి ఉన్నానని!"

"ఎలా చూస్తాను? నిన్ను తీసుకెళ్ళడానికి వాడొస్తాడేమోనని భయం."

"ఎవడు?"

"మీ బావ."

"ఏ బావ?"

"అత్తయ్యిల్లంటే బావ ఉంటాడుగా! వారం వారం క్రమం తప్పకుండా అత్తయ్యింటికి వెళ్తుంటే నేనేమనుకోవాలి? రెండేళ్ళుగా వాణ్ణి తిట్టుకోని గురువారం లేదు. నల్లగా, పొట్టిగా, చేతికి ఖరీదైన వాచీ పెట్టుకుని ఉంటాడని ఊహించుకున్నా. మా అక్క వాచీ కొనిస్తానంటే ఊఁ అన్నది కూడా వాడి మీద పంతంతోనే!"

ఆడిటర్ బస్టాపు స్తంభం పట్టుకుని నవ్వింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"మా అత్తయ్య పెళ్ళే చేసుకోలేదు!"

"నిజంగా?" అతని మొహం వెలిగిపోయింది. వెంటనే అనుమానంగా ముడుచుకుంది. "ఇంకో అత్తయ్యెవరూ లేరుగా?"

"ఉంది."

"ఆవిడకి కొడుకులు?"

"ఇద్దరు."

చిల్లర మొహం వాడిపోయింది. నెలరోజులుగా మండుతున్న కడుపు ఆడిటర్‌కి అప్పుడు చల్లబడింది. ఇంతలో తొమ్మిదో నంబరు బస్సు వచ్చి ఆగింది. అతను ముందెక్కి, జేబులోంచి నాణేలు తీసి, ఇద్దరికీ చివరి స్టాపుకి టికెట్లు కొన్నాడు. అక్కడ ఇద్దరికీ ఏ పనీ లేదు.

పెద్ద బావకి పెళ్ళయింది, చిన్న బావకి ఆరేళ్ళు. ఆ సంగతి చెప్పడానికి నలభై నిమిషాల టైముంది కదా అని ఆమె కిటికీ పక్కన సర్దుకుని కూర్చుంది.